మా మామ ఎడమచేతి ప్రెస్సు

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలు సుత్తీ మేకులూ ముందేసుకుని కూర్చుంటే, ఈ పటేల్‌గూడ ఇంట్లో కొత్తగా ఏం తగిలించబోతోందా అని చేతిలోని పేపరు పక్కన పెట్టి చూశాను. గోడకు ఆనించి ఒక పాత చెక్క పెట్టె ఉంది. మూత లేదు, పెద్దగా లోతు లేదు, లోపలంతా చిన్నవీ పెద్దవీ గళ్ళు. పట్నంలో పాత సామాన్ల దుకాణంలో కొన్నదట, అందులో గవ్వలూ రంగురాళ్ళూ బొమ్మ కార్లూ పెట్టుకుంటుందట, ఇప్పుడు అదొక ముచ్చటట. అదేమిటో తెలుసా అని అడిగితే పూసలమ్ముకునేవాళ్ళ పెట్టె అయి ఉంటుందని చెప్పింది. నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు గాని, అది అచ్చాఫీసుల్లో సీసపు అక్షరాలు పోసుకునే పెట్టె. కేసు అనేవాళ్ళం. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం, గడి ఏదో చూడకుండానే చెయ్యి పోవాలి. వంగి చూస్తే గళ్ళ మూలల్లో మసి ఇంకా అలాగే ఉంది. ఆ మసి చూసేసరికి సంగారెడ్డిలో మా మామ ప్రెస్సులో మళ్ళీ ఇరుక్కున్నట్టయింది.

ఇరుక్కోవడమనే మాట ఊరికే వాడలేదు. మా మామ మా అమ్మకు తమ్ముడు కనుక నాకు మేనమామ. ఆయనకున్న ఒక్క కూతుర్నీ నాకే ఇచ్చారు కనుక పిల్లనిచ్చిన మామ. పని నేర్పాడు కనుక గురువు, ప్రెస్సు ఆయనది కనుక యజమాని. ఇల్లు కూడా ఆయనదే. కోపం వస్తే ఎవరితో చెప్పుకోవాలో తెలియదు, అత్త దగ్గరికి పోతే ఆమె ఆయన భార్య, అమ్మ దగ్గరికి పోతే ఆమె ఆయన అక్క. ఏ వైపు తిరిగినా ఆయనే. కొడుకుల్లేని ఇంట్లో ఇల్లరికం అల్లుడి సుఖం ఎలాంటిదో అనుభవించిన వాళ్ళకు తెలుసు. పళ్ళెంలో నెయ్యికి లోటుండదు, అడుగు తీసి అడుగు వేయడానికి మాత్రం ఎవరినో ఒకరిని అడగాలి.

అరవైల్లో సంగారెడ్డి అంటే కచేరీలు, కోర్టు, పాత జైలు, వాటి చుట్టూ పనుల మీద తిరిగే పల్లె జనం. ఆ వీధుల్లో ఒకదానిలో ముందు గదిలో ప్రెస్సు, వెనక గదుల్లో మా కాపురం. కాలితో తొక్కే ట్రెడిల్ మిషను ఆడుతుంటే వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. మా పెద్దవాడు పసివాడుగా ఉన్నప్పుడు ఆ చప్పుడుకే నిద్రపోయేవాడు, మిషను ఆగితే లేచి ఏడ్చేవాడు. పెళ్ళి పత్రికలు, సినిమా కరపత్రాలు, దుకాణాల బిల్లు బుక్కులు, ఎన్నికలొస్తే రెండు పార్టీల నోటీసులూ మా దగ్గరే అచ్చయ్యేవి. ఒక పార్టీవాళ్ళు ముందు గుమ్మంలో కూర్చుంటే రెండో పార్టీవాళ్ళని వెనక గుమ్మంలో కూర్చోబెట్టి, ఇద్దరికీ ఒకే కెటిల్‌లోంచి చాయ్ పోయించేవాడు మా మామ.

ఆయన సంగతి ఎంత చెప్పినా తక్కువే. బట్టతల, చెవుల మీద మాత్రం గుబురుగా వెంట్రుకలు, నవ్వితే పొట్ట కదిలేది. నోటితో వేసే వేళాకోళం ఊళ్ళో అందరికీ వచ్చు, మా మామ అచ్చు వేసి మరీ వేసేవాడు. ఒకరోజు పప్పులో ఉప్పు ఎక్కువైంది. ఆయన తిని లేచి, చెయ్యి కడుక్కుని ప్రెస్సులోకి పోయాడు. కాసేపటికి వంటింటి తలుపు మీద పెద్ద అక్షరాల నోటీసు ఒకటి అంటుకుంది: ‘ప్రజలకు విజ్ఞప్తి. ఈ ఇంట పప్పులో ఉప్పు రెండు మార్లు పడినది. కావున మంచినీళ్ళు దగ్గర పెట్టుకుని భోజనమునకు కూర్చొనవలెను.’ అత్త మూతి ముడుచుకుని దాన్ని చింపి పొయ్యిలో పెట్టింది గాని, అటు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం నేను చూశాను. నాకూ మా ఆవిడకూ మాటలు లేని రోజున ‘సంధి కుదిరినచో ఆ శుభవార్త ఉచితముగా అచ్చు వేయబడును’ అని ఒక కాగితం ముక్క మా గది గడప మీద పడి ఉండేది. అలాంటి మనిషి మీద ఎవరైనా ఎంతసేపు కోపంగా ఉండగలరు? నా బాధంతా అదే. నవ్వించని మామ అయితే ఏనాడో ఎదురు తిరిగి ఉండేవాణ్ణి.

ఆయన ఎడమచేతి వాటం మనిషి. లోకంలో కంపోజిటరు అనేవాడు స్టిక్కు అనే చిన్న ఇనుప పట్టెను ఎడమచేతిలో పట్టుకుని, కుడిచేత్తో గళ్ళలోంచి అక్షరాలు ఏరి అందులో పేరుస్తాడు. ఎక్కువగా వాడే అక్షరాలన్నీ కుడిచేతికి అందేటట్టు ఉంటాయి. మా ప్రెస్సులో అంతా తిరగేసి ఉండేది. స్టిక్కు కుడిచేతిలో, ఏరడం ఎడమచేత్తో, గళ్ళన్నీ ఆయన ఎడమచెయ్యి వాలే వైపు సర్ది ఉండేవి. నేను చేరిన రోజున ఆయన స్టిక్కు తెచ్చి నా కుడిచేతిలో పెట్టాడు, పట్టుకున్నాను. మరో అచ్చాఫీసు గుమ్మం తొక్కిన వాణ్ణి కాదు కనుక ఈ పని ఎక్కడైనా ఇంతేనేమో అనుకున్నాను. అన్నం తినేది, రాసేది కుడిచెయ్యి, పని నేర్చింది మాత్రం ఎడమచెయ్యి. అది అలా నేర్చి నేర్చి ఎంత వేగం పట్టిందంటే, మా మామ పాటలు పాడుతూ ఏరితే నేను ఆయనకు వంత పాడుతూ ఏరేవాణ్ణి.

కంపోజింగు జరిగే చోటికీ గిరాకీలు కూర్చునే చోటికీ మధ్య ఒక ముదురు నీలం పరదా ఉండేది. పెళ్ళిపత్రిక ఎడమచేత్తో పేర్చారని తెలిస్తే ఆ రోజుల్లో ఊరుకునేవారా? ఎవరైనా పరదా పక్కకు తీసి తొంగిచూస్తే మామ చటుక్కున స్టిక్కు చెయ్యి మార్చి, కుడిచేత్తో ఏదో గడిలో కెలుకుతున్నట్టు నటించేవాడు. అచ్చయిన పత్రికలకు నాలుగు మూలలా పసుపు రాసి, కుడిచేత్తో, కళ్ళకద్దుకుని మరీ అందించేవాడు. వాళ్ళు అటు పోగానే పరదా వెనక్కి వచ్చి నాతో మెల్లగా అనేవాడు, “ఈ ఊళ్ళె పెండ్లిళ్ళన్ని నా ఎడమచెయ్యి మీదికెల్లే అయినయి అల్లుడా. ఒక్కనికన్న ఎరుకనా?” అది ఆయన సరదా అనుకుని నేనూ నవ్వేవాణ్ణి.

డెబ్బైలు వచ్చేసరికి పటాన్‌చెరు వైపు పొలాల్లో రేకుల కప్పులు లేచాయి, పొగగొట్టాలు లేచాయి. నాతో చదువుకున్న వాళ్ళు ఒక్కొక్కరే నీలిరంగు యూనిఫారాలు వేసుకుని పొద్దున బస్సులెక్కడం మొదలుపెట్టారు. ఒక ఫ్యాక్టరీవాళ్ళు తమ లేబుళ్ళూ కాగితాలూ తామే అచ్చు వేసుకోవడానికి లోపలే ప్రెస్సు పెట్టుకున్నారనీ, కంపోజిటర్లు కావాలనీ తెలిసింది. కుదిరితే క్వార్టరు ఇస్తారు, వారానికో రోజు సెలవు ఉంటుంది, సైరన్ మోగితే ఇంటికి పోవచ్చు. మా ఆవిడ బయటికి ఏమీ అనని మనిషి. ఆ రాత్రి పిల్లవాణ్ణి జోకొడుతూ అంది, “మనకంటు ఒక పొయ్యి ఎన్నడు ముట్టిచ్చుకుంటం?” సొంత తల్లి వంటింట్లో ఉండే కూతురికి కూడా ఆ కోరిక ఉంటుందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

మర్నాడు ధైర్యం చేసి మామతో చెప్పాను. ఆయన తల ఊపాడు. సాయంత్రానికి ప్రెస్సు తలుపు లోపలివైపు కొత్త నోటీసు అంటుకుని ఉంది: ‘కనబడుట లేదు. అల్లుడు. చామనఛాయ, మధ్యరకపు ఎత్తు, అత్త చేతి పులుసు అనిన ప్రాణము. ఫ్యాక్టరీ సైరను విని దారి తప్పినట్లు అనుమానము. ఆచూకీ తెలిపినవారికి ఒక పొట్లము మిర్చి బజ్జీలు ఇవ్వబడును.’ ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వారు. మా ఆవిడ నవ్వింది, చివరికి నేనూ నవ్వాను. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేసరికి నా మాట ఎక్కడికి పోయిందో తెలియలేదు. దాన్ని మళ్ళీ ఎత్తితే నేను సరసం తెలియని మనిషిని అవుతాను. ఆ రోజున ఆ ప్రెస్సు గోడలు నాకు చాలా దగ్గరికి జరిగినట్టు అనిపించింది.

అందుకే ఎవరికీ చెప్పకుండా, కాగితం తేవడానికి పట్నం పోతున్నానని చెప్పి బస్సెక్కి పటాన్‌చెరులో దిగిపోయాను. ఫ్యాక్టరీ ప్రెస్సు గది ఎంత బాగుందో చెప్పలేను. పెద్ద పెద్ద కిటికీలు, తుడిచిన నేల, వరసగా కేసులు. ఫోర్‌మన్ నడివయసు మనిషి, పని తెలిసినవాడని చూపులోనే తెలుస్తోంది. నాలుగు వాక్యాలున్న కాగితం ఇచ్చి కూర్చమన్నాడు. నేను అలవాటుగా స్టిక్కు కుడిచేతిలో పట్టుకుని ఎడమచెయ్యి చాచాను. నా చెయ్యి పోయిన గడిలో నేను అనుకున్న అక్షరం లేదు. పక్క గడిలోనూ లేదు. చెయ్యి మార్చి కుడిచేత్తో ప్రయత్నించాను, ఆ చేతికి ఏమీ తెలియదు. ఏళ్ళ తరబడి పని చేసినవాణ్ణి, నిన్న బళ్ళో చేరిన పిల్లవాడిలా గడి గడికీ వంగి వెతుక్కుంటూ నిలబడ్డాను. చెమట స్టిక్కు మీద పడింది. ఫోర్‌మన్ కాసేపు చూసి, “ఎక్కడ నేర్చుకున్నవయ్యా పని? అద్దంల చూసుకుంట నేర్చుకున్నవా?” అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు. చెయ్యి కుదిరాక మళ్ళీ రమ్మని పంపించేశాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ వచ్చాను. అంతకుముందు తలుపు మూసి ఉందనే అనుకున్నాను, ఇప్పుడు నాకు బయట నడవడమే రాదని తెలిసింది. మామ మీద అప్పుడు వచ్చిన కోపం అంతకు ముందూ తరవాతా మళ్ళీ ఎప్పుడూ రాలేదు. కావాలనే ఇలా నేర్పాడు, ఇంకెక్కడా పనికిరాకుండా చేసి కట్టి పడేశాడు అనుకున్నాను.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అయితే సీసపు అక్షరాలు ముట్టుకున్న వేళ్ళకు గోళ్ళ సందుల్లో మసి నిలుస్తుంది, సబ్బుకు పోదు. భోజనాల దగ్గర నేను కంచంలో చెయ్యి పెట్టగానే మామ చూపు నా కుడిచేతి వేళ్ళ మీద పడింది. మా ప్రెస్సులో ఎవరికీ కుడిచేతి గోళ్ళు నల్లబడవు. ఆయన చూశాడు, నేను చూడడమూ చూశాడు, తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. ఆ పూట భోజనాల దగ్గర నోటీసు లేదు, వేళాకోళం లేదు. అత్త రెండుసార్లు ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

మర్నాడు ఆయన బయటికి పోయినప్పుడు అత్తే నన్ను కూర్చోబెట్టి చెప్పింది. అప్పటిదాకా నేను వినని సంగతులు. మా తాతకు, అంటే మామ తండ్రికి, బజారులో ధాన్యం దుకాణం ఉండేదని తెలుసు గాని, ఆ దుకాణం మామకు ఎందుకు రాలేదో ఎప్పుడూ ఆలోచించలేదు. పొద్దున బోణీ బేరానికి ఎడమచేత్తో సరుకు అందించే కొడుకును గద్దె మీద కూర్చోబెడితే గిరాకీ వెనక్కి తిరిగి పోయేదట. కొట్టి చూశారట, వాత పెట్టి చూశారట, ఆఖరుకు వీడు వ్యాపారానికి పనికిరాడని పట్నంలో ఒక అచ్చాఫీసులో పడేశారట. అక్కడి పెద్ద కంపోజిటరు, కూర్చిన పేజీలు చెదరకుండా కట్టే దారంతోనే ఆయన ఎడమచేతిని నడుముకు కట్టేసి కుడిచేత్తో పని చేయించాడట. అలా నేర్చుకున్నాడు. సొంత ప్రెస్సు పెట్టుకున్న నాడు, మిషనుకు పూజ కూడా కాకముందే, కేసులన్నీ నేల మీద పరుచుకుని తన చేతికి తిప్పి సర్దుకున్నాడట. ఆ తరవాతే ఆయనకు పాటలొచ్చాయి, నవ్వులొచ్చాయి అంది అత్త. ముందు గొంతే లేని మనిషట.

ఆ వచ్చిన అమావాస్యకు ప్రెస్సు మూత. వ్యాపారస్తుల ఇళ్ళలో ఆ రోజు పని ముట్టుకోరు, మా మామ ఎన్నడూ తప్పలేదు. కాని ఆ అమావాస్య నాడు నేను పోతిరెడ్డిపల్లిలో చుట్టాలింటికి పోయి వచ్చేసరికి ప్రెస్సు తలుపు తీసి ఉంది. ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒక కేసులోని అక్షరాలన్నీ గుడ్డ మీద కుప్పలు పోసి, ఒక్కో కుప్పనూ వేరే గడిలోకి మారుస్తున్నాడు. ఎక్కడా తడుముకోవడం లేదు. దెబ్బలు తిని నేర్చుకున్నది కదా, మరిచిపోలేదు. కిటికీ దగ్గర స్టాండు వేసి ఆ కేసు దాని మీద పెట్టాడు. స్టిక్కు తెచ్చి ఈసారి నా ఎడమచేతిలో పెట్టాడు.

“గది నా పెట్టె. గిది లోకం పెట్టె,” అన్నాడు. “ఇగ గిక్కడ నిలబడి నేర్చుకో. నాడు నా చెయ్యి కట్టేసిండ్రు. నేనేమో నా చెయ్యి విప్పుకున్న అనుకుంట నీ చెయ్యి కట్టేసిన. సోయి లేకపాయె బిడ్డా.”

ఆయన నన్ను బిడ్డా అనడం అదే మొదలు. నాకు బస్సులో వచ్చిన కోపం గుర్తుకొచ్చి, ఆయన మొహం చూడలేక కేసు వైపు తిరిగాను.

తరవాతి నెలలు ఎంత అవస్థగా గడిచాయో పని తెలిసినవాళ్ళు ఊహించుకోగలరు. అచ్చయిపోయిన అక్షరాలను విప్పి తిరిగి గళ్ళలో వేయాలి కదా, నేను లోకం పెట్టెలో వేయాల్సినవి మామ పెట్టె లెక్కన వేసేవాణ్ణి, మామ పెట్టెలో వేయాల్సినవి లోకం లెక్కన వేసేవాణ్ణి. రెండు పెట్టెలూ కలగాపులగమయ్యాయి. సరిగ్గా పెళ్ళిళ్ళ కాలం. మామ పాడుతూ పాడుతూ అక్షరం ఏరి, స్టిక్కులో పెట్టి, పాట ఆపి, దాన్ని తీసి చూసి, నా పెట్టెలోకి విసిరేవాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నా కుడిచెయ్యి మాత్రం మెల్లమెల్లగా దారి పట్టింది.

మళ్ళీ పోయాను, ఈసారి ఆయనే బస్సెక్కించాడు. ఫోర్‌మన్ తల ఊపాడు. క్వార్టరు వచ్చింది. సామాను బండికెత్తిన రోజున మా ఆవిడ చేతిలో మామ ఒక ముక్క పెట్టాడు. ఫ్యాక్టరీల పద్ధతిలో గీతలు గీసి అచ్చు వేసిన గేట్ పాస్ అది: ‘ఈ పాసు తెచ్చు అల్లుడిని, భార్యాపిల్లలతో, సామానుతో సహా బయటికి పోనివ్వవలెను. తిరిగి వచ్చు వేళ: వారి ఇష్టము.’ మా ఆవిడ దాన్ని చూసి నవ్వుతూనే ఏడ్చింది. పటాన్‌చెరు చేరాక, ఆ సాయంత్రమే ఇటుకలు పేర్చి తన పొయ్యి తాను ముట్టించుకుంది.

ఫ్యాక్టరీలో నేను సుఖపడ్డానా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు. పొద్దున సైరన్‌కు లోపలికి, సాయంత్రం సైరన్‌కు బయటికి. ఏడాది పొడుగునా అవే లేబుళ్ళు, అవే గేట్ పాసులు. పక్కన పనిచేసేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు, మంచివాళ్ళే, హిందీలో నాలుగు మాటలు, అంతే. ఎవరూ పాడేవాళ్ళు కాదు. పరదా ఉండేది కాదు గాని గోడ ఉండేది, గోడ మీద గాజుపెంకులుండేవి. మామ ప్రెస్సులో ఊపిరాడదని వచ్చినవాణ్ణి, ఇక్కడ కిటికీలు ఎంత పెద్దవైనా అదే గుబులుగా ఉండేది. ఎవరితో చెప్పుకోను? కోరి వచ్చింది నేనే కదా.

ఆ మరుసటి దసరాకు సంగారెడ్డి పోయినప్పుడు, ఇంట్లోకి పోకుండా ముందు ప్రెస్సులో అడుగుపెట్టాను. నీలం పరదా లేదు. పట్నం నుంచి వచ్చిన కొత్త కంపోజిటరు కిటికీ దగ్గర కుడిచేత్తో చకచకా ఏరుతున్నాడు. నేను కేసులన్నీ ఒక్కొక్కటే చూశాను. అన్నీ లోకం పెట్టెలే. బయటి నుంచి వచ్చినవాళ్ళు ఎవరూ ఆయన గళ్ళలో పని చేయలేకపోయారు, ఒకరి వెనక ఒకరు వచ్చి వెళ్ళిపోయారు, ఒక్కడి చేతి మీద ప్రెస్సు నడవదు. అందుకని ఆయనే మళ్ళీ నేల మీద కూర్చుని, తాను తిప్పుకున్న వాటన్నిటినీ మళ్ళీ లోకం వైపు తిప్పేశాడు. మామ గిరాకీల బల్ల దగ్గర కూర్చుని పత్రికలకు పసుపు రాస్తున్నాడు. నన్ను చూసి లేచాడు.

“నీ పెట్టెలేవి మామా?” అన్నాను.

ఆయన ఎడమచెయ్యి నా ముందు చాపి, వేళ్ళు ఆడించి చూపించాడు. గోళ్ళు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి.

“ఒక్క చెయ్యి కోసం గిన్ని పెట్టెలు తిప్పి పెట్టుకుంటే పని నడుస్తదా అల్లుడా? ఇగ దీనికి ఛుట్టీ ఇచ్చిన.”

నవ్వాడు, పొట్ట కదిలింది. మా మామ అన్న మాటకు నేను నవ్వలేకపోవడం అదే మొదటిసారి. కుడిచేత్తో ఆయన మళ్ళీ ఒక్క అక్షరం కూర్చలేదని, పాట కూడా తగ్గిందని, అత్త తరవాత చెప్పింది. నన్ను విడిపించడానికి ఆయన తీసిన తలుపు ఆయన మీదే మూసుకుంది. అది తెలిసి కూడా నేను పండగ భోజనం చేసి, సాయంత్రం బస్సుకు ఫ్యాక్టరీకి వచ్చేశాను. రాక ఏం చేస్తాను, పొద్దున సైరన్ మోగుతుంది.

మామ పోయాడు, అత్త పోయింది. కొన్నాళ్ళకు కొత్త మిషన్లు వచ్చి సీసపు అక్షరాలతో పని లేకుండా పోయింది. ఆ అక్షరాలన్నీ తూకానికి పోయాయి, పెట్టెలు ఎక్కడికి పోయాయో తెలియదు. ఇప్పుడు మా మనవరాలు ఒళ్ళో పలక లాంటిది పెట్టుకుని పెళ్ళిపత్రికలు గీస్తుంది. పసుపు రాయకుండా, కాగితమే లేకుండా, కూర్చున్న చోటు నుంచే ఊరంతటికీ పంపిస్తుంది. ఏ చేత్తో గీశావని అడిగేవాడు ఒక్కడూ లేడు.

పెట్టె గోడకెక్కాక ఎలా ఉందో చూడమంటే లేచి దాని ముందు నిలబడ్డాను. ఏమీ అనుకోకుండానే చెయ్యి పైకి లేచి, ఒక గడి దగ్గర ఆగింది. మా మామ పెట్టెలో అయితే ‘మ’ ఉండే గడి అది. అక్కడ ఇప్పుడు గవ్వ ఉంది. మనవరాలు నా చెయ్యి వైపు వింతగా చూసింది.

“తాతా, నువ్వు కూడా నాలాగే లెఫ్ట్ హ్యాండా? నాకెప్పుడూ చెప్పలేదే.”

అప్పుడు చూశాను, సుత్తి ఆమె ఎడమచేతిలో ఉంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. బువ్వ తిన్నా, బొమ్మ గీసినా ఆ చేత్తోనే. ఈ ఇంట్లో గాని బళ్ళో గాని ఎవరూ ఒక్క మాట అనలేదు కనుక, గమనించాల్సిన సంగతి అని కూడా నాకు తోచలేదు. లోకం మారిందనడానికి నాకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అది కొంచెం ముందుగా మారి ఉంటే ఆయన దుకాణం గద్దె మీదే కూర్చుని ఊరందరినీ నవ్వించి ఉండేవాడేమో, నా మానాన నేను ఇంకేదో అయి ఉండేవాణ్ణేమో.

“నేను కాదు బిడ్డా,” అన్నాను. “గది మా మామ చెయ్యి.”

ఆమెకు అర్థం కాలేదు. కథ చెప్పమని పక్కన కూర్చుంది.